కొవ్వును వెక్కిరించడం మానుకుందాం

మన హాస్టల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒక 'బొండం' ఉంటాడు. మా బ్యాచ్‌లోనూ ఉండేవాడు. ఆటల్లో వాణ్ణి అందరికన్నా చివర పిలిచేవాళ్లం. మెస్‌లో వాడి పళ్లెం చూసి నవ్వేవాళ్లం. మేమంతా బక్కపలచగా ఉన్నాం కాబట్టి ఆరోగ్యవంతులమే అనుకున్నాం. ఆ అజ్ఞానం ఎమ్మెస్సీలో చేరాక గాని వదల్లేదు.

కొవ్వు కణమంటే ఉత్త నూనె సంచి కాదు. అందులో రకాలున్నాయి. తెల్ల కొవ్వు కణం మిగిలిన శక్తిని దాచి, పస్తున్న రోజున రక్తంలోకి వదులుతుంది. గోధుమ రంగు కణం కొవ్వును మండించి వేడి పుట్టిస్తుంది. పసిబిడ్డను చలి నుండి కాపాడేది అదే. పెద్దవాళ్లలోనూ అది పనిచేస్తుందని 2009లో రూఢి అయింది. ఈ రెంటికీ నడుమ బీజ్ కణాలున్నాయి. అవి తెల్ల కొవ్వులోనే ఉంటూ, చలికి వేడి పుట్టిస్తాయి. శరీరంలో నిల్వ ఎంతుందో మెదడుకు కబురు పంపే లెప్టిన్ హార్మోన్ కూడా కొవ్వు కణాలదే. దాని జన్యువును 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొంది.

పుట్టుకతోనే కొవ్వు కణాలు దాదాపు లేనివాళ్లు అరుదుగా ఉంటారు. వాళ్లకేం హాయి అనుకోకండి. దాచే చోటు లేక కొవ్వు కాలేయంలో, కండరాల్లో చేరి చిన్న వయసులోనే షుగర్ వస్తుంది. అంటే అసలు చిక్కు కొవ్వు ఉండడంలో లేదు, అది ఎక్కడ చేరిందన్న దానిలో ఉంది.

ఈ పాఠం మా ఇంటిదాకా వచ్చింది. మా నాన్న కూలి మనిషి, ఎముకల గూడు. రెండేళ్ల క్రితం కాలి పుండు మానకపోతే పరీక్ష చేయించాం. షుగర్! "తిని కూర్చునేవాళ్ల జబ్బు గదరా, నాకెందుకొచ్చింది?" అన్నాడు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ బాగా తగ్గింది, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. 2004లో ఆయన, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ తమ ఒళ్లే కొలిచి చూపారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

అందుకే మా మాట సూటిగా చెప్తున్నాం. ఆకలి, షుగర్ పగవాళ్లు కావు, ఒకే గుమ్మంలోంచి వచ్చే అన్నదమ్ములు. హాస్టల్ వైద్య పరీక్షల్లో బరువు రాసుకుంటే చాలదు, నడుముకు టేపు కూడా పెట్టాలి. పెద్దవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. మెస్ కమిటీ తమ్ముళ్లు పండక్కి అదనపు స్వీటు కోసం కాదు, రోజూ చిక్కటి పప్పు, ఆకుకూర, గుడ్డు కోసం పట్టుబట్టాలి. సాయంత్రం ఆట గంటను స్టడీ అవర్ మింగకూడదు. పూర్వ విద్యార్థులు ఈసారి ఊరెళ్లినప్పుడు బక్కగా ఉన్న అమ్మానాన్నలకు కూడా రక్త పరీక్ష చేయించాలి.

ఇక మా బొండం. ఈ వార్షికోత్సవానికి వాడొస్తే, ముందు వాడి అసలు పేరుతో పిలుస్తాం. తర్వాత క్షమించమని అడుగుతాం. మీ బ్యాచ్ బొండాన్ని ఏమని పిలుస్తున్నారో మీరూ ఒకసారి ఆలోచించండి.