సెంటర్ డిఫ్ లాక్ చేసే ముందు ఒక్క మాట

ఆర్‌సీ కార్లు నడిపేవాళ్లలో ఒక సలహా బాగా తిరుగుతోంది: "సెంటర్ డిఫరెన్షియల్ లాక్ చేసెయ్, బండి రాకెట్‌లా పోతుంది." మేం నలుగురం పాకెట్ మనీ కలిపి కొన్న బగ్గీకి కూడా ఇదే చేయాలని మిగతా ముగ్గురూ డిసైడ్ అయిపోయారు. వద్దంటున్నది నేనొక్కదాన్నే. నోటితో చెప్తే ఎవరూ వినట్లేదు కాబట్టి రాసి చెప్తున్నా.

కొత్తవాళ్ల కోసం ముందు ఒక ముక్క. 1/8 సైజు ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీలో మూడు డిఫరెన్షియల్స్ ఉంటాయి. ముందు రెండు చక్రాల మధ్య ఒకటి, వెనక రెండు చక్రాల మధ్య ఒకటి. మూడోది కారు మధ్యలో ఉండి మోటార్ పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచుతుంది. ముందు చక్రాలు ఒక స్పీడ్‌లో, వెనక చక్రాలు ఇంకో స్పీడ్‌లో తిరగగలవంటే దాని పుణ్యమే. లాక్ చేస్తే రెండు వైపులా ఒకే స్పీడ్.

లాక్ చేద్దామనేవాళ్ల బాధ నిజమే. థ్రాటిల్ గట్టిగా నొక్కితే బరువు వెనక్కి పడి ముందు చక్రాలు తేలికవుతాయి. ఎటు తేలిగ్గా తిరిగితే అటు ఎక్కువ తిప్పడం డిఫరెన్షియల్ గుణం. దాంతో ముందు టైర్లు గిర్రున తిరిగి బెలూన్‌లా ఉబ్బుతాయి, బండి మాత్రం అనుకున్నంత దూకదు. లాక్ చేస్తే ఆ వృథా ఆగుతుంది. ఒప్పుకుంటాను.

మరి మలుపు సంగతి? లెక్క చూద్దాం. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకోండి. వెనక ఇరుసు 1 మీటర్ రేడియస్‌తో తిరిగితే ముందు ఇరుసు సుమారు 1.05 మీటర్ల రేడియస్‌తో తిరగాలి. అంటే ఒక్క చుట్టుకి ముందు చక్రాలు దాదాపు 31 సెంటీమీటర్లు ఎక్కువ నడవాలి. లాక్ చేశాక ఈ 31 సెంటీమీటర్లు ఎటు పోతాయి? మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. సీసీ రోడ్డు మీద టైరు అంత తేలిగ్గా జారదు. ఆ తేడా అంతా టైర్లని అరగదీస్తూ, షాఫ్టులనీ గేర్లనీ పిండేస్తుంది. బండి కూడా మనం తిప్పమన్నంత తిరగదు.

సికింద్రాబాద్‌లో మనం నడిపేది ఎక్కడ? ఆదివారం పొద్దున బొల్లారం వైపు మట్టి గ్రౌండ్‌లో ఒక గంట. మిగతా రోజులన్నీ కాలనీ సీసీ రోడ్డు, అపార్ట్‌మెంట్ సెల్లార్. ఆ ఒక్క గంట కోసం వారమంతా బండిని హింసించడం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

పెద్ద బండ్లని చూడండి. మహీంద్రా థార్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో అసలు సెంటర్ డిఫరెన్షియలే లేదు. ఫోర్ హెచ్ వేస్తే ముందూ వెనకా లాక్ అయినట్టే. కానీ తారు రోడ్డు ఎక్కగానే టూ హెచ్‌కి మార్చుకోవడానికి లీవర్ ఉంది. 1977లో వచ్చిన రష్యా బండి లాడా నీవాలో సెంటర్ డిఫరెన్షియల్ ఉంది, దాన్ని లాక్ చేసే లీవరూ ఉంది. లాక్ అంటే డ్రైవర్ అవసరమైనప్పుడు వేసి, తర్వాత తీసేసేది. మన బగ్గీలో ఆ లీవర్ లేదు. డిఫ్‌లో పుట్టీ కుక్కినా, దాని చోట స్పూల్ బిగించినా, మళ్లీ విప్పేదాకా అంతే. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, వేరియబుల్‌గా ఉండాల్సిన దాన్ని హార్డ్‌కోడ్ చేయడం.

"ట్రాక్సస్ స్లాష్ 4×4 సెంటర్ డిఫ్ లేకుండానే వస్తుంది కదా?" అని మావాడొకడి పాయింట్. వస్తుంది. కానీ గేర్ల మీద దెబ్బ పడకుండా జారిపోయే స్లిప్పర్ క్లచ్ అందులో ఉంది. చాలా 1/8 బగ్గీల్లో స్లిప్పర్ ఉండదు, ఆ దెబ్బ కొంత కాచుకునేది సెంటర్ డిఫ్ఫే. బేరింగ్ పోతే రాణిగంజ్‌లో దొరుకుతుంది. మన మోడల్ డిఫ్ లోపలి గేర్లు నేను అడిగిన ఏ షాపులోనూ లేవు. ఆర్డర్ పెట్టి, వచ్చేదాకా బండిని అటక మీద పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. సెంటర్ లాక్ చేస్తే నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయని చాలామంది భ్రమ. ముందు డిఫ్, వెనక డిఫ్ అలాగే ఉంటాయి కదా! ముందొక చక్రం, వెనకొక చక్రం ఊరికే తిరిగే ఛాన్స్ అప్పటికీ ఉంటుంది.

నా మాట ఒకటే: లాక్ కాదు, నూనె మార్చండి. డిఫ్‌లో ఉండేది సిలికాన్ ఆయిల్. రేసు బగ్గీల సెంటర్‌లో మామూలుగా 5,000 నుంచి 10,000 సీఎస్‌టీ పోస్తారు. బండిని రఫ్‌గా నడిపేవాళ్లు లక్ష, ఇంకా పైకి కూడా వెళ్తారు. చిక్కటి నూనె మలుపులో వచ్చే చిన్న తేడాని వదిలేస్తుంది, ముందు చక్రాలు ఒక్కసారిగా గిర్రుమంటే పట్టుకుంటుంది. లీవర్ చేసే పనిని చాలావరకు అదే చూసుకుంటుంది. నచ్చకపోతే కడిగి వేరేది పోసుకోవచ్చు.

ముందు లక్ష సీఎస్‌టీ పోసి, ఒక రోజు గ్రౌండ్‌లో, ఒక రోజు సీసీ రోడ్డు మీద నడిపి చూద్దాం. అప్పటికీ ముందు టైర్లు ఉబ్బుతుంటే, లాక్ చేయడానికి హెక్స్ డ్రైవర్ నేనే తెచ్చిస్తా.