తిరిగి చెడినదీ, తిరక్క చెడినవాడూ

"తిరిగి ఆడదీ, తిరక్క మగాడూ చెడతారు" అని మన పెద్దవాళ్ళు ఓ సామెత చెప్పి చక్కా పోయారు. అది మన గడ్డ మీద పుట్టిన సొంత సరుకని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదుట! అమెరికా వాళ్ళకీ ఉంది. వాళ్ళు మనకంటే గడుసువాళ్ళు కాబట్టి దాన్ని రెండు ముక్కలు చేసి, రెండు పాటలు కట్టి, రికార్డులు వేసి అమ్ముకున్నారు.

ఈ జ్ఞానోదయం నాకు కారులో అయింది. మా ఆడపడుచు భర్త న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడల్లా డియాన్ అనే గాయకుడి పాటలు వినిపిస్తారు. మొన్న ఏలూరు పెళ్ళికి బయల్దేరాం. ముందు సీట్లో మావారు, వెనక నేనూ, మా పిన్నీ.

"చూడు చెల్లెమ్మా! 2024లో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఈయన కొత్త ఆల్బమ్ తెచ్చాడు. డూ-వాప్‌తో మొదలెట్టి రాక్, జానపదం, భక్తి, బ్లూస్ అన్నీ పాడాడు. కళాకారుడంటే అలా ఎదుగుతూ ఉండాలి" అన్నారు అన్నయ్యగారు.

కాదని నేనన్నానా? ఆ మనిషి గొంతు మీద నాకేం పేచీ లేదు. నా పేచీ అంతా ఆ ఎదుగుదలకి చప్పట్లు కొట్టేవాళ్ళతోనే.

ముందు ఆయన గొప్పేమిటో చెప్పేస్తాను. డియాన్ డిముచ్చి 1939లో న్యూయార్కులోని బ్రాంక్స్‌లో, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళ కుటుంబంలో పుట్టాడు. డూ-వాప్ అంటే వీధి మలుపుల్లో పుట్టిన పాట. నలుగురైదుగురు కుర్రాళ్ళు చేరేవారు. వాయిద్యాలు కొనే స్తోమత ఎక్కడిది? ఒకడు పాట ఎత్తుకుంటే, మిగతావాళ్ళు అర్థంలేని అక్షరాలతో మద్దెలా తంబురా అన్నీ నోటితోనే పలికించేవారు. నల్లజాతి కుర్రాళ్ళ దగ్గర మొదలైన విద్య అది. డియాన్ తన స్నేహితులతో కలిసి, తమ పేటలోని బెల్మాంట్ వీధి పేరే బృందానికి పెట్టుకుని, 1958, 59లలో పేరు తెచ్చుకున్నాడు.

1959 ఫిబ్రవరిలో ఓ కచేరీ యాత్ర. చలికి బస్సులో తిరగలేక గాయకులు చిన్న విమానం అద్దెకి మాట్లాడారు. మనిషికి 36 డాలర్లు. తన అమ్మా నాన్నా నెలనెలా కట్టిన ఇంటద్దె సరిగ్గా అంతే. దానికోసం ఇంట్లో జరిగిన పోట్లాటలు గుర్తొచ్చి, పందొమ్మిదేళ్ళ డియాన్ "నేను రాను" అన్నాడుట. ఆ విమానం అయోవాలో కూలిపోయింది. బడీ హోలీ, రిచీ వాలెన్స్, జె.పి. రిచర్డ్‌సన్, పైలట్ నలుగురూ పోయారు. ఇంటద్దె విలువ తెలిసినవాడు గనక బతికాడు! ఒకటో తారీఖు దిగులు తెలిసిన ఏ ఇల్లాలికైనా ఇది వింటే కళ్ళు చెమరుస్తాయి.

ఇక 1961కి వద్దాం. ఆ జనవరిలో షిరెల్స్ అనే నల్లజాతి అమ్మాయిల బృందం పాట 'విల్ యూ లవ్ మీ టుమారో' అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. తెల్లారాక ఈ ప్రేమ నిలుస్తుందా అని ఓ పిల్ల పడే బెంగ అది. అక్టోబరులో డియాన్ పాట 'రనరౌండ్ సూ' మొదటి స్థానానికి వచ్చింది. సూ అనే పిల్ల ఒకడితో నిలవదు, కుర్రాళ్ళూ జాగ్రత్త, అని దండోరా! ఆ ఏడాది చివర్లోనే 'ది వాండరర్' వచ్చింది. ఊరూరా తిరిగే మగాడు తన తిరుగుళ్ళని తనే దర్జాగా చెప్పుకోవడం. అదీ 1962లో రెండో స్థానం దాకా వెళ్ళింది.

ఒకే గొంతు, ఒకే సంవత్సరం. ఇద్దరూ చేసింది ఒకే పని. సూకి దండోరా, ఆయనకి పూలదండ!

"పాటని పాటలా వినక ఈ రంధ్రాన్వేషణ ఎందుకు?" అంటారు మావారు. నిజమే, పాటే. కానీ వేదాంతం ఎవరికీ నోటికి రాదు, పాట వస్తుంది. సామెతలూ అలాగే మన నెత్తికెక్కాయి.

పాడినాయనే ఆ పాటని ఎలా అర్థం చేసుకున్నాడో ఆయన అభిమానులకి పట్టదు. 'ది వాండరర్' నిజానికి విషాదగీతమనీ, ఆ తిరుగుబోతు ఎక్కడికీ చేరనివాడనీ డియానే తర్వాత చెప్పాడు. ఆయనకి తెలుసు. కుర్రతనం నుంచీ హెరాయిన్ మత్తులో పడ్డవాడు. 1968 ఏప్రిల్లో, మామగారింట్లో దేవుణ్ణి ప్రార్థించాక అది వదిలిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఏడాదే లింకన్, మార్టిన్ లూథర్ కింగ్, కెనెడీ సోదరులను తలుచుకునే 'అబ్రహాం, మార్టిన్ అండ్ జాన్' పాడాడు. నాలుగో స్థానానికి వెళ్ళింది. 1980లలో భక్తిగీతాలు, 2006లో 'బ్రాంక్స్ ఇన్ బ్లూ'తో బ్లూస్. మంచిదే. పడినవాడు లేస్తే సంతోషించని మనిషి ఉంటుందా?

కానీ అదే 1968లో, అదే న్యూయార్కులో పెరిగిన మరో గాయని కథ చూడండి. రానెట్స్ బృందంలో ముందు నిలబడి 1963లో 'బి మై బేబీ' పాడిన రానీ స్పెక్టర్, తన రికార్డుల నిర్మాతనే పెళ్ళి చేసుకుంది. ఆయన తనని ఇంట్లో బంధించి, పాటకి దూరం చేశాడని ఆత్మకథలో రాసుకుంది. 1972లో తల్లి సాయంతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా ఆ ఇంట్లోంచి బయటపడింది.

1968లో ఒకరికి అత్తవారిల్లు ఆసరా అయింది, ఇంకొకరికి మొగుడి ఇల్లు చెరసాల అయింది. గొంతులో తేడా ఉందా? అరవై ఏళ్ళపాటు ఎదగడానికి గొంతొక్కటే చాలదమ్మా! పడ్డప్పుడు పట్టుకునే చెయ్యి కావాలి. పిల్లలకి అన్నం పెట్టే మనిషి కావాలి. "పాడు" అనే ఇల్లు కావాలి. ఆయన వెనక భార్య సుసాన్ ఉంది. 1963లో పెళ్ళయింది, ముగ్గురు ఆడపిల్లలు. ఇంతకీ సుదీర్ఘ ప్రస్థానం అంటూ రాసేవాళ్ళు ఆ మాటలో ఇంటి చాకిరీని ఎక్కడ లెక్క కట్టారు?

అమెరికా దాకా ఎందుకు? మా పిన్ని సంగతే చెబుతాను. పెళ్ళికి ముందు విజయవాడ రేడియోలో లలితగీతాలు పాడేది. పెళ్ళయ్యాక అత్తవారు ఆమె హార్మోనియాన్ని అటకెక్కించారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "ఇప్పుడెందుకులే అమ్మాయ్" అన్నారు, అంతే. ఆ 'ఇప్పుడు' నలభై ఏళ్ళు సాగింది.

ఆ రోజు కారులో పాత డూ-వాప్ పాట మొదలైంది. పిన్నికి ఇంగ్లీషు రాదు. కానీ ఆ అర్థంలేని అక్షరాలకి ఏ భాషతో పని? రెండోసారి వచ్చేసరికి చక్కగా శ్రుతిలో కలిసి అందుకుంది. నాకు ఒళ్ళు పులకరించింది.

అన్నయ్యగారు పకపకా నవ్వి, "ఈ వయసులో పిన్నిగారి హుషారు చూశారా!" అన్నారు.

పిన్ని చప్పున ఆగిపోయి, కొంగు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూడటం మొదలెట్టింది.

ఎనభై నాలుగేళ్ళ ఆయనకి 'ఎదుగుదల'! అరవై నాలుగేళ్ళ ఈవిడకి 'ఈ వయసులో'!

నేనిక ఊరుకోలేదు. "అన్నయ్యగారూ! మీరు మెచ్చుకున్న ఆ 2024 ఆల్బమ్ పేరు తెలుసా? 'గర్ల్ ఫ్రెండ్స్'. సుసాన్ టెడెస్కీ, షెమీకియా కోప్‌లాండ్, రోరీ బ్లాక్ లాంటి ఆడవాళ్ళని పిలిచి వాళ్ళతో కలిసి చేశాడు. పాడినాయన 1961 నుంచి ఇంత దూరం నడిచాడు. మీరు మాత్రం అక్కడే నిలబడ్డారు!" అన్నాను. మావారు నావైపు తిరిగి కళ్ళురిమారు. ఉరమనివ్వండి.

ఏలూరు నుంచి రాగానే చేసిన మొదటి పని, పిన్నింటి అటక మీంచి హార్మోనియం దింపించడం. తిత్తి చిరిగింది, మూడు మెట్లు పలకడం లేదు. బాగుచేసేవాడు రెండు వేలడిగాడు. ఇచ్చాను. మీ ఇంట్లోనూ అటక ఉండే ఉంటుంది. ఓసారి నిచ్చెన వేసి చూడండి.