పౌలు చూసిన రోమా

రోమాను చూడాలన్న కోరిక అపొస్తలుడైన పౌలుకు చాలా ఏళ్లుగా ఉంది. ఎఫెసులో ఉన్నప్పుడే ఆ మాట బయటపెట్టాడు (అపొ.కా. 19:21). చివరికి వెళ్లాడు కానీ ఖైదీగా వెళ్లాడు. దారిలో ఓడ బద్దలైంది, ప్రాణం దక్కడమే గొప్పయింది. అలా అలసి వస్తున్న ఆయనకు ఎదురెళ్లి స్వాగతం చెప్పడానికి రోమా విశ్వాసులు కొందరు సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని అప్పీయా సంతపేట దాకా వచ్చారు. వాళ్లను చూశాక పౌలు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యం తెచ్చుకున్నాడని లూకా రాశాడు (28:15). ఆ మహానగరంలోని రాజభవనాలు, గుళ్లు, రథాల పందేల మైదానం గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు.

కొందరు విశ్వాసులతో కలిసి మేము రోమా వెళ్లినప్పుడు మొదటిరోజు దీనికి సరిగ్గా విరుద్ధంగా గడిచింది. జెండా పట్టుకున్న గైడు ముందు, మేము వెనుక. పొద్దున కొలోసియం, మధ్యాహ్నం ట్రెవీ ఫౌంటెన్, సాయంత్రం సెయింట్ పీటర్స్. రాత్రికి ఫోన్ల నిండా ఫొటోలున్నాయి కానీ ఆ ఊరి మనిషి ఒక్కరితోనైనా మాట్లాడలేదు. వెంట తెచ్చుకున్న ఆవకాయతో అన్నం తిని పడుకున్నాం.

మర్నాడు ఒక పూట ఖాళీ దొరికింది. టెస్టాచియో పేటలోని మార్కెట్‌కు నడిచాం. వీధి వీధికీ 'బార్' అన్న బోర్డు చూసి మాలో కొందరు ఉలిక్కిపడ్డారు. తీరా చూస్తే పొద్దున్నే అక్కడ అందరూ తాగేది కాఫీ! పనికెళ్లేవాళ్లు నిలబడే రెండు గుక్కల్లో తాగేసి, పలకరించుకుని వెళ్లిపోతున్నారు. మార్కెట్లో మా సోదరి ఒకామె మన రైతుబజారులో లాగే టమాటాను నొక్కి చూడబోతే, అమ్మే పెద్దావిడ చెయ్యి అడ్డంపెట్టింది. అక్కడ సరుకును అమ్మేవాళ్లే ఏరి ఇస్తారు. నవ్వుతూ మంచివి ఏరి సంచిలో వేసింది. భాష రాకపోయినా మర్యాద అర్థమైంది. వీధి మూలల్లో 'నసోని' అనే ఇనుప కుళాయిలున్నాయి. 1874 నుంచి పెడుతూ వచ్చిన ఇవి ఇప్పుడు ఊరంతా కలిపి సుమారు 2,500 ఉన్నాయి. నీళ్లు ఎవరికైనా ఉచితం. స్కూలు పిల్లలతో పాటు మేమూ దోసిలి పట్టాం.

ఇంత ఖర్చుపెట్టి వెళ్లి కాఫీలు, కూరగాయలు చూడాలా అని మీరు అడగవచ్చు. కట్టడాలూ చూడవలసినవే. కానీ ఈనాడు అందరూ ఫొటో దిగే కొలోసియం పౌలు రోజుల్లో లేనే లేదు. అది తెరుచుకున్నది క్రీ.శ. 80లో. పౌలు ఎరిగిన రోమా, మనుషుల రోమా! ఆ ఊళ్లో అడుగు పెట్టకముందే రాసిన పత్రికలో ఇరవైమందికి పైగా పేరుపేరునా వందనాలు చెప్పాడు (రోమా 16). డేరాలు కుట్టే ప్రిస్కిల్ల, అకుల అందులో ఉన్నారు. తనకూ తల్లిలాంటిదని చెప్పుకున్న రూఫు తల్లి ఉంది. ఊరు చేరాక కూడా రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండి, వచ్చినవారందరినీ చేర్చుకున్నాడు (అపొ.కా. 28:30).

మనకు విహారస్థలమైన ఊరు ఇంకొకరికి ఇల్లు. పాత రోమా నడిబొడ్డున ఎన్నో ఇళ్లు యాత్రికుల బసలుగా మారి, అద్దెలు పెరిగి, అక్కడి కుటుంబాలు దూరంగా తరలిపోతున్నాయి. ఊరివాళ్లే లేని ఊరిని చూసి మనం ఏం తెచ్చుకుంటాం? అందుకే యాత్రలు నడిపే సంఘాలకు మా మనవి ఒకటే. ఒక్క పూట గైడును పక్కన పెట్టండి. వాళ్ల భాషలో ఒక నమస్కారం నేర్చుకోండి. చిన్న కొట్టులో ఏదైనా కొనండి. చర్చిలో ఎవరైనా మోకరించి ఉంటే ఫోన్ జేబులో పెట్టుకోండి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ పెద్దావిడ నవ్వు గుర్తుపెట్టుకున్న మాకు, మా చర్చి గేటు ఎదుట ఏళ్లుగా పూలమ్మే అమ్మ పేరు తెలియదు. తిరిగొచ్చాక వెళ్లి అడిగాం. పేరు చెప్పి, "ఇన్నాళ్లకు అడిగారా అయ్యగారూ!" అంది. మేము తలవంచుకున్నాం.