పోల్చడం వేరు, చెరపడం వేరు

రెండు చోట్ల దాచుకొన్న దస్త్రాలను పోల్చి సమానం చేసే స్క్రిప్టులలో పలువురు వాడే ఆర్‌సింక్‌ను 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ వెలువరించారు. మామూలుగా అది దస్త్రపు పరిమాణాన్ని, చివరిసారి మార్చిన సమయాన్ని మాత్రమే చూస్తుంది. లోపలి అక్షరాలను పోల్చాలంటే 'చెక్‌సమ్' అని ప్రత్యేకంగా ఆదేశించాలి. 'డిలీట్' అని చేరిస్తే, మూలంలో లేనిది రెండవ చోటా తుడిచిపెట్టుకొనిపోతుంది. మూలంలో పొరపాటున చెరిగినదానికీ అదే గతి.

తాళపత్ర ప్రతులను సరిచూసే పరిష్కర్త ఒక ప్రతిలో లేని పద్యాన్ని మరొక ప్రతినుండి కొట్టివేయడు. పాఠాంతరంగా అడుగున చూపుతాడు. నా వ్యాఖ్యానాలకు ఇంట్లో ఒక ప్రతి, విడి డిస్కులో ఒక ప్రతి ఉన్నాయి. వాటికీ ఈ న్యాయమే వర్తించాలంటాను. ముందుగా 'డ్రై రన్' అని, దానితోపాటు 'వెర్బోస్' అని ఆదేశిస్తే, దేనినీ ముట్టుకోకుండా, జరగబోయే మార్పుల పట్టిక మన ముందుంచుతుంది. దానిని చదివిన పిదపనే అనుమతినివ్వాలి. భేదాన్ని చూపడం యంత్రధర్మం. ఏది నిలవాలో తేల్చడం మాత్రం మన బాధ్యత.