అతనిని అడిగితిమా?



మార్కు సువార్త పదవ అధ్యాయములోని బర్తిమయి సంగతి మన ఆదివార బడి పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అందులోని ఒక మాట మాత్రము ఈ మధ్యనే నన్ను పట్టుకున్నది. ఆ మనిషి గ్రుడ్డివాడని ప్రభువుకు ఎదుటనే కనబడుతున్నది. అయినా ఏమి కావాలని ఆయన అతనినే అడిగాడు. జనులు మాత్రము ఊరకుండుమని అతనిని గద్దించారు. నేను కూడా ఆ జనులలో ఒకడినయ్యాను. ఎట్లో చెబుతాను.

మహబూబ్‌నగర్ వైపు పల్లె నుండి రైతు ఒకరు, మన విశ్వాసి, కుమారుని వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చాడు. పిల్లవాడికి 19 ఏళ్లు. రేచీకటితో మొదలై తొమ్మిదవ తరగతికల్లా చూపు పోయింది. వేరొకరు వ్రాసిపెట్టగా ఇంటర్ పాసయ్యాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకుంటానని పట్టుబట్టాడట. "మీరైనా చెప్పండి అయ్యగారూ" అన్నాడు తండ్రి.

నేను చెప్పాను, అడగలేదు. ఉస్మాన్‌గంజ్‌లో కిరాణా టోకు దుకాణములో మన సంఘస్థుడొకరు గుమాస్తా. ఆయనతో ముందే మాట్లాడి ఉంచాను. ఫోను దగ్గర కూర్చుంటాడు, ఆదివారము మందిరములో కీబోర్డు వాయిస్తాడు, ఇంకేమి కావాలి అనుకున్నాను. మంచి ఏర్పాటు చేశానని లోలోపల సంతోషము కూడా.

ముగ్గురమూ ఇమ్లీబన్ బస్టాండు నుండి నడిచి వెళ్లాము. గంజ్ సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. లారీలు, తోపుడు బండ్లు, తలమీద బస్తాతో పరుగెత్తే హమాలీలు. చూపున్న నేనే రెండుసార్లు తగులుకున్నాను. పిల్లవాడు తండ్రి మోచేయి పట్టుకొని నాకంటె నెమ్మదిగా, నాకంటె క్షేమముగా వచ్చాడు.

దుకాణములో బిల్లుల కంప్యూటర్ ఉన్నది. పిల్లవాడు జేబులోనుండి పెన్‌డ్రైవ్ తీసి, పెట్టవచ్చునా అని గుమాస్తాగారిని అడిగాడు. పెట్టి, అందులోని ప్రోగ్రాం నడిపించగానే కంప్యూటర్ మాట్లాడసాగింది. దాని పేరు ఎన్.వి.డి.ఎ. తెర మీద ఉన్న అక్షరాలను చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియా దేశములో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు. జేమ్స్ టే అనే స్నేహితుడు తోడయ్యాడు. అతడికీ చూపు లేదు. ఒక్క రూపాయి ఇవ్వకుండా ఎవరైనా వాడుకోవచ్చును. తెలుగు కూడా చదువుతుంది. ఉచ్చారణ కొంచెము కరకుగా ఉంటుంది, అలవాటు పడాలి.

పిల్లవాడు దుకాణపు బిల్లుల ప్రోగ్రాం తెరిచాడు. గొంతు ఆగిపోయింది. మీటలు నొక్కుతున్నాడు, ఒక్క మాట లేదు. లోపల అంకెలున్నవి, మాకు కనబడుతున్నవి. అతనికి మాత్రము అది మూసిన తలుపు. నేనేమో, చూశావా బాబూ, కంప్యూటర్ పని కష్టము అనబోయాను.

అతడు దానిని మూసి, విండోస్‌లో ముందునుండే ఉండే పవర్‌షెల్ అనేదానిని తెరిచాడు. నాలుగైదు వరుసలు టైపు చేశాడు. "అంకుల్, ఎన్ని బస్తాలు, కిలో ఎంత?" అన్నాడు. 24 బస్తాలు, బస్తాకు 50 కిలోలు, కందిపప్పు కిలో 112 రూపాయలు అన్నాడు గుమాస్తాగారు. 1,34,400 అని గొంతు పలికింది. ఆయన కాగితము మీద వేసి చూసుకున్నాడు. సరిపోయింది.

"అయ్యగారూ, ఆ ప్రోగ్రాం నాతో మాట్లాడదు. మాట్లాడే ప్రోగ్రాం నేను వ్రాయగలను. అదే నేర్చుకుంటానంటున్నాను."

ఆ మాట చెప్పడానికి అతడు గంజ్ దాకా రావలసి వచ్చింది. నేను ఇంటి దగ్గరే అడిగి ఉంటే సరిపోయేది గదా!

తర్వాత అతని యొద్ద నేర్చుకున్న సంగతులు, ఇట్టి బిడ్డలున్న తల్లిదండ్రుల కొరకు వ్రాస్తున్నాను. ప్రోగ్రాం అంటే బొమ్మలనుకునేవాడిని. అది వట్టి వ్రాత, ఉత్తరము వంటిది. వ్రాతను వినవచ్చును. మన ఊళ్ల టైపు ఇన్‌స్టిట్యూట్లలో పిల్లలు మీటలు చూడకుండానే టైపు నేర్చుకోలేదా? పైథాన్ అనే భాషలో వరుస మొదట విడిచిన ఖాళీకి అర్థమున్నది. ఆ ఖాళీ ఎంతో ఎన్.వి.డి.ఎ. మాటతోగాని చిన్న స్వరముతోగాని తెలుపుతుంది. కీబోర్డు వాయించే పిల్లవాడికి స్వరమే సులువట! మైక్రోసాఫ్ట్‌వారు 2015లో తెచ్చిన విజువల్ స్టూడియో కోడ్ కూడా ఉచితమే. ఎఫ్8 మీట నొక్కితే తప్పున్న చోటికి తీసుకుపోతుంది. మౌస్‌తో బొమ్మలను లాగి అతికించి ప్రోగ్రాం తయారుచేసే పనిముట్లూ ఉన్నవి. వాటి జోలికి పోవద్దంటాడు. ఏ పనిముట్టునైనా, ఏ కోర్సునైనా డబ్బు కట్టకముందు పరీక్షించడము తేలిక: తెర ఆపి, మౌస్ పక్కన పెట్టి, గంటసేపు పని జరుగుతుందేమో చూడాలి. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరులో మేమట్లు అడిగితే, వారికి మా మీద కోపము వచ్చింది. ఇంకొకచోట కూర్చోబెట్టి చూడనిచ్చారు. అక్కడ చేర్చాము.

ఉద్యోగము మాటకొస్తే, తెర మీద రంగులు, అమరిక చూసే పనికి చూపున్న తోటివాడు కావాలి. వెనుక లెక్కలు నడిపే ప్రోగ్రాములు, డేటాబేసులు, తయారైనవాటిని పరీక్షించడము, ఇవన్నీ చెవితో చేయవచ్చును. చూపులేనివారికి ఒక వెబ్‌సైట్ పనిచేస్తుందో లేదో పరీక్షించే ఉద్యోగాలు కూడా ఉన్నవి. అందులో ఇతడికే మనకంటె ఎక్కువ తెలుసు. 2016 వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ప్రభుత్వ ఉద్యోగాలలో వికలాంగులకు 4 శాతము, అందులో 1 శాతము చూపులేనివారికి, మసక చూపువారికి ఉన్నది. 40 శాతము వైకల్యమున్నట్లు సర్టిఫికెట్ కావాలి. ఆ కాగితము విషయములో మాత్రము తల్లిదండ్రులు ఆలస్యము చేయవద్దు.

మచిలీపట్నము దగ్గర సీతారామపురములో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌గారి సంగతి మీరు వినే ఉంటారు. ఇంటర్‌లో సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకు వెళ్లి గెలిచాడు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. పూణెవాడైన టి.వి. రామన్‌గారు 14 ఏళ్లకు గ్లకోమాతో చూపు పోయాక, డాక్టరేటు పొంది, మాట్లాడే పనిముట్టు ఈమాక్స్‌పీక్‌ను తానే వ్రాసుకున్నాడు. ఇట్టివారిని మేము ప్రసంగాలలో వాడుకుంటాము. ఈ సంగతులు పిల్లవాడితో చెబితే, "వాళ్లు చాలా గొప్పవాళ్లు అయ్యగారూ, నాకు నెల జీతము వచ్చే ఉద్యోగము చాలు" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది, సిగ్గు కూడా వేసింది.

అతడు మరొకటి చెప్పాడు. మన సంఘపు వాట్సాప్ గుంపులో ప్రతి శనివారము ఆరాధన పాటలను పుస్తకమునుండి ఫోటో తీసి పంపుతాను. ఫోటోను అతని ఫోను పాటగా చదవలేదు, బొమ్మ వచ్చిందని మాత్రము చెబుతుంది. రెండేళ్లుగా అతడు ఆదివారము మందిరములో మొదటి వరుస వినేదాకా ఏ పాటో తెలియక కీబోర్డు ముందు కూర్చుంటున్నాడు. ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు శనివారము రాత్రి కూర్చొని టైపు చేస్తున్నాను. నా తెలుగు టైపింగులో ఒత్తులు తప్పిపోతున్నవి. ఎన్.వి.డి.ఎ. ఆ తప్పులను ఉన్నవి ఉన్నట్లు చదువుతుందట. ఆదివారము ఉదయము అతడు వాటిని నాకు పలికి వినిపిస్తాడు. కోచింగ్‌లో రెండవ నెల నడుస్తున్నది. మాస్టారు ఇంకా బోర్డు చూపించి "ఇదిగో, ఇది ఇక్కడ పెట్టాలి" అంటారట. పిల్లవాడు ప్రతిసారీ లేచి, "ఎక్కడ సార్?" అని అడుగుతున్నాడు.