నీటితో కుస్తీ ఈత కాదు

బాసరలో గోదావరి ఒడ్డున నిలిచిన వారికి ఒక దృశ్యం సుపరిచితమే. బలిష్ఠుడైన యువకుడు నీటిలో దిగి, తల పైకెత్తి, చేతులతో నీటిని బాదుతూ నాలుగు బారలు పోయి రొప్పుతూ ఆగిపోతాడు. ప్రక్కనే బక్కపలుచని బాలుడొకడు చప్పుడు లేకుండా చాలా దూరం సాగిపోతాడు. మొదటివానికి బలం చాలలేదంటాము. నిజానికి చాలనిది బలం కాదు, విద్య.

నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. ఈతగాని వేగం రెండింతలైతే నీటి నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. దానిని ఎదుర్కొనడానికి క్షణక్షణం వెచ్చించవలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. ఈ లెక్క ముందు కండబలం ఎంతసేపు నిలువగలదు? తల ఎత్తితే నడుము, కాళ్లు క్రుంగి, శరీరమే నీటికి అడ్డుగోడ అవుతుంది. ముఖం నీటిలో ఉంచి, ప్రక్కకు తిరిగి శ్వాసిస్తూ, ఒడలిని బాణంవలె చాచినవానికి అదే నీరు దారి ఇస్తుంది.

పోటీలే ఇందుకు సాక్ష్యం. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన పాన్ ఝాన్‌లే 46.40 సెకన్లలో ముగించాడు. అంతే దూరం బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఈదడానికి ఇంగ్లండుకు చెందిన ఆడమ్ పీటీకి 2019లో 56.88 సెకన్లు పట్టింది. అదీ ప్రపంచ రికార్డే. బలంలో పీటీ తక్కువవాడు కాడు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మోకాళ్లు నీటిలోనే ముడుచుకొనవలెను. ప్రతి విసురుకూ వేగం పడిపోయి, మరల పుంజుకొనవలెను. ఫ్రీస్టైల్‌లో చేయి గాలిలోనుండి ముందుకు వస్తుంది. అంతలో రెండవ చేయి నీటిని వెనుకకు నెట్టుతూనే ఉంటుంది.

2009 రోమ్ ప్రపంచ పోటీలలో, నిరోధాన్ని తగ్గించే పాలియురితేన్ దుస్తులతో 43 ప్రపంచ రికార్డులు నమోదైనాయి. 2010 నుండి అట్టి దుస్తులను నిషేధించారు. వస్త్రమే అంత చేయగలిగితే, సరియైన శిక్షణ ఎంత చేయగలదో యోచించండి.

“ఇవి పట్నపు కొలనుల ముచ్చట్లు, మనకేల?” అని కొందరనవచ్చును. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నలభై యేండ్లు దాటిన వయస్సులో, 2021లో, పాక్ జలసంధిని ఈదారు. కేవలం కండబలమే ఈత అయితే అది సాధ్యమయ్యేదా? ఇక 2025 జూన్‌లో ఇదే బాసరలో స్నానానికి దిగిన ఐదుగురు హైదరాబాదు యువకులు గోదావరిలో మునిగి మరణించారు. ఆ వార్త మరువదగినది కాదు.

కొలనులో నేర్చినవాడు నదిని జయిస్తాడని నేననను. ప్రవాహం వేరు, గుండాలు వేరు. అయినా నేర్చినవాడు తన శక్తి ఎంతో ఎరుగును; ఎరిగినవాడు తెగించడు.

మన క్రీడలలో క్రికెట్టుకు, వాలీబాల్‌కు ఉన్న స్థానం ఈతకు లేదు. లోతు తెలిసిన కొలనులో, శిక్షకుని సమక్షంలో, బాలబాలికలకు వేర్వేరు వేళలలో ఏటా కొన్ని వారాలైనా శిక్షణ ఇప్పించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి. ఉర్దూలో తైరాకీ అన్నా, తెలుగులో ఈత అన్నా, గోదావరి తీరాన పెరిగిన బిడ్డకు అది వేడుక కాదు, ప్రాణవిద్య.