నేను ఊళ్ళో లేనప్పుడు పనిచేసే జనరేటరు

హ్యూస్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు నలుగురు చేరినచోట గ్రీన్‌కార్డు క్యూ, ఇళ్ళ ధరల తరవాత మూడో ముచ్చట ఇప్పుడు జనరేటరు. ఉండదా మరి! 2021 ఫిబ్రవరి చలికి రాష్ట్రం మొత్తం వణికిపోయి లక్షలాది ఇళ్ళకి కరెంటు పోయింది. 2024 మే 16న పెద్ద గాలివాన. అదే ఏడాది జూలై 8న బెరిల్ తుపాను. బెరిల్ దెబ్బకి ఒక్క హ్యూస్టన్ ప్రాంతంలోనే ఇరవై రెండు లక్షలకి పైగా కనెక్షన్లు ఆరిపోయాయి. ఈ సంగతి ఫోన్లో చెప్తే మా అమ్మ "అమెరికాలో కరెంటు పోవడమేంట్రా, మాకిక్కడ బానే ఉంటోందిగా" అంటుంది. ఏం చెప్తాం!

ఈ జనరేటర్ల ముచ్చట్లో నా వంతు రాగానే అందరూ ముసిముసిగా నవ్వుతారు. అందరిదీ దుకాణంలో కొన్న సరుకు. మా పెరట్లో ఉన్నది మాత్రం మిలిటరీ ఆకుపచ్చ రంగు ఇనప డబ్బా, అమెరికా సైన్యం వాడి పక్కన పెట్టేసిన డీజిల్ జనరేటరు. 2019లో వేలంలో కొన్నాను. "ఆ తుక్కెందుకు కొన్నావ్ బాబూ" అని కొందరు, "చవగ్గా వస్తుందట కదా, మాకూ ఒకటి చూసిపెట్టండి" అని ఇంకొందరు. ఇది రెండు జట్లకీ కలిపి రాస్తున్న జవాబు. అది తుక్కు కాదు. చవకా కాదు.

ముందు ఎందుకు కొన్నానో చెప్తాను. నాది వారంలో నాలుగు రోజులు పరాయి ఊళ్ళో గడిపే కన్సల్టింగ్ ఉద్యోగం. మనలో చాలామందిది అంతే. జనరేటరు కొనేటప్పుడు మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కిలోవాట్లు?" అని. దానికన్నా ముందు అడగాల్సింది "నేను ఊళ్ళో లేకపోతే దీన్ని ఎవరు ఆన్ చేస్తారు?" అని. సాఫ్ట్‌వేరులో ఉన్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. సిస్టం పడిపోయేది సరిగ్గా దాన్ని కట్టినవాడు సెలవులో ఉన్నప్పుడే. వాడి బుర్రలో తప్ప ఇంకెక్కడా లేని విద్య ఆ రాత్రి ఎందుకూ కొరగాదు.

సైన్యానికి ఈ సంగతి బాగా తెలుసు. ఇవాళ మిషను నడిపే కుర్రాడు రేపు ఇంకో చోటికి బదిలీ అయిపోతాడు. వాడి స్థానంలో వచ్చేవాడికి ఇరవయ్యేళ్ళుంటాయి, ఆ మిషను మొహం ఎన్నడూ చూసి ఉండడు. బయట చీకటి, వాన, దుమ్ము. వాడు కూడా దాన్ని నడపగలగాలి. అందుకే దాని మీద ప్రతి మీట పక్కనా ఏంటో రాసి ఉంటుంది. ఫోనులో యాప్ అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు. తలుపు తెరిస్తే వోల్టులు, ఫ్రీక్వెన్సీ, ఆయిల్ ప్రెషరు, నీళ్ళ వేడి, డీజిలు ఎంతుంది, లోడు ఎంత శాతం అన్నీ ముల్లు మీటర్ల మీద కనిపిస్తాయి. దానికో పుస్తకం, టి.ఎం. 9-6115-641-10. చివర ఉన్న ఆ 10 నడిపేవాళ్ళ కోసం, 24 అని ఉన్న రెండోది మరమ్మతు చేసేవాళ్ళ కోసం. నా సర్వీసులో నేను రాసిన డాక్యుమెంటేషనూ, నాకు ఇచ్చిన డాక్యుమెంటేషనూ అంతా కలిపినా ఆ రెండు పుస్తకాల కాలిగోటికి సరిపోదు. ఏ బోల్టు ఎక్కడిదో బొమ్మ గీసి మరీ చెప్తాయి.

నాది ఎం.ఈ.పి.-802ఏ అనే మోడలు. 5 కిలోవాట్లు, 60 హెర్ట్జ్. దీని అన్నగారు 803ఏ, 10 కిలోవాట్లు. 2010ల నుంచి సైన్యం కొత్త తరం జనరేటర్లకి మారడంతో ఇవి వేలానికి రావడం మొదలైంది. లోపల రెండు సిలిండర్ల లిస్టర్-పెట్టర్ ఇంజను, నిమిషానికి 1800 చుట్లు. దుకాణాల్లో దొరికే చిన్న పెట్రోలు జనరేటర్లు చాలావరకు 3600 చుట్లు తిరుగుతాయి. చప్పుడులోనూ ఆయుష్షులోనూ తేడా అక్కడే వస్తుంది.

లిస్టర్ అన్న పేరు చూడగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు చెరువు పక్క పొలాల్లో టుకుటుకుమంటూ నీళ్ళు తోడిన ఆయిలింజన్లలో చాలామటుకు రాజ్‌కోట్‌లో తయారైనవి, ఇంగ్లండులోని డర్స్లీ ఊరి లిస్టర్ ఇంజనుకి నకళ్ళు. అసలు లిస్టరు, పెట్టరు కంపెనీలు రెండూ 1986లో కలిశాయి. అంటే మా ఊరి ఆయిలింజనూ, అమెరికా సైన్యం జనరేటరూ దూరపు చుట్టాలన్నమాట. బేరం ఆడేటప్పుడు ఈ చుట్టరికం ఏమీ పనికిరాలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు చవక జట్టు వాళ్ళకి. సైన్యం మిగులు సరుకుని డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీ వేలం సంస్థల ద్వారా వదిలించుకుంటుంది. నేను పాడింది 1,900 డాలర్లు. దాని మీద వేలం వాళ్ళ కమిషను, పన్ను. ఆ సరుకు దేనికి వాడతావో రాసివ్వమని ఒక పత్రం, దాని అనుమతికి మూడు వారాలు. డిపో వాళ్ళు ఫోర్కులిఫ్టుతో ట్రైలరు మీద పెట్టేవరకే వాళ్ళ బాధ్యత. తొమ్మిది వందల పౌన్ల మిషను ఇంటి ముందు ఎలా దింపుకుంటావన్నది నీ తలనొప్పి. బ్యాటరీలు లేకుండా వచ్చింది (దాదాపు ఎప్పుడూ అంతే). 24 వోల్టుల మిషను కనక రెండు 12 వోల్టులవి కొని వరసలో కలపాలి. ఇంకా గొట్టాలు, ఫిల్టర్లు, ఆయిలు, కూలెంటు, టాంకులో ఎన్నాళ్ళదో తెలియని డీజిలు తోడి కడగడం, ఎలక్ట్రీషియను. మొత్తం 4,300 దాటింది. నా శనివారాలు లెక్కలో లేవు.

ఫొటో చూసి పాడేవాళ్ళకి రెండు మాటలు. మొదటిది నంబరు ప్లేటు. 812ఏ, 813ఏ అని అచ్చం ఇలాగే ఉండే మోడళ్ళున్నాయి. రంగూ ఒకటే, డబ్బా ఒకటే. కానీ అవి 400 హెర్ట్జ్‌వి, మన ఫ్రిజ్జుకి పనికిరావు. రెండోది గంటల మీటరు. సైన్యం డిపోల్లో ఓవరాలు చేసినవీ ఉంటాయి, మీటరు మార్చినవీ ఉంటాయి. కాబట్టి తక్కువ గంటలు చూసి మురిసిపోకూడదు. ఆయిలు పాలలా తెల్లగా ఉందా, కంట్రోల్ ప్యానెల్లో ఎవరైనా భాగాలు పీకేశారా అన్నది చూడండి. వీలైతే డిపోకి వెళ్ళి కళ్ళతో చూడండి.

ఇక కిలోవాట్లు. "ఎలాగూ కొంటున్నాం, పదిదే తీసుకో, ఇల్లంతా నడుస్తుంది" అని నాకు చెప్పనివాళ్ళు లేరు. మనకి పెళ్ళి భోజనాలైనా, ఇల్లయినా, జనరేటరైనా పెద్దదే కావాలి. డీజిలింజను సంగతి అలా కాదు. దానికి పని కావాలి. పెద్ద ఇంజనుకి ఒక ఫ్రిజ్జు, నాలుగు లైట్లు తగిలించి రాత్రంతా తిప్పితే సిలిండరు తగినంత వేడెక్కదు, డీజిలు పూర్తిగా కాలదు, ఆ మిగిలిపోయింది మసితో కలిసి నల్లటి జిడ్డుగా పొగగొట్టంలోంచి కారుతుంది. వెట్ స్టాకింగ్ అంటారు. సామర్థ్యంలో 30 శాతం కన్నా తక్కువ లోడు మీద గంటల తరబడి నడపకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. పదికి ముప్పై శాతమంటే 3 కిలోవాట్లు, అర్ధరాత్రి మా ఇంట్లో అంత ఖర్చు లేదు. ఐదుకి ఒకటిన్నర చాలు. రెండు ఫ్రిజ్జులు, ఒక కిటికీ ఏసీ, ఫ్యాన్లు, ఇంటర్నెట్టు కలిస్తే సరిగ్గా అక్కడికొస్తుంది. ఇంటి మొత్తానికి ఉన్న పెద్ద ఏసీ దీంతో నడవదు. నడవక్కర్లేదు కూడా, అందరం ఒక గదిలో పడుకుంటే సరి. ఎండాకాలం ఆరుబయట నవారు మంచాల మీద వరసగా పడుకుని పెరిగినవాళ్ళమే కదా!

ఇదే కారణంతో నెలకోసారి దాన్ని లోడు మీద అరగంట పైన నడపాలి. ఉత్తినే స్టార్టు చేసి ఆపేస్తే మేలు కన్నా కీడెక్కువ. నేను రెండు స్పేస్ హీటర్లు తగిలిస్తాను, 3 కిలోవాట్లు. హ్యూస్టన్‌లో జూలై ఎండలో పెరట్లో రెండు హీటర్లు వెలిగించుకుని కూర్చున్న మనిషిని చూసి పక్కింటాయన ఏమనుకున్నాడో ఎప్పుడూ అడగలేదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు సర్దుబాటు లేదు. జనరేటరు వైరుకి రెండు వైపులా మగ ప్లగ్గులు పెట్టి డ్రయ్యరు సాకెట్లో గుచ్చేవాళ్ళని నేను చూశాను, వాళ్ళలో మంచి ఇంజనీర్లున్నారు. "మెయిన్ ఆపేస్తాం కదండీ" అంటారు. ఆ మెయిన్ ఆపడం ఒక్కసారి మర్చిపోతే చాలు, మీ ఇంటి కరెంటు వీధిలోకి పోతుంది. అక్కడి ట్రాన్స్‌ఫార్మరు తిరగేసి పనిచేసి 240 వోల్టుల్ని వేల వోల్టులు చేస్తుంది. తీగ చచ్చిందనుకుని దాన్ని పట్టుకునేవాడు మీ కరెంటు బాగుచేయడానికే ఎక్కడినుంచో వచ్చిన లైన్‌మన్. పైగా మీరు ఊళ్ళో లేరు, ఆ చీకట్లో కంగారుగా ఆ వైరు గుచ్చేది మీ ఇంట్లోవాళ్ళు. రెండు బ్రేకర్లూ ఒకేసారి పైకి లేవకుండా అడ్డుపడే ఇంటర్‌లాక్ అనే ఇనపరేకు ఉంటుంది, ఖరీదు ఎక్కువేం కాదు. ఎలక్ట్రీషియనుతో అది పెట్టించి, న్యూట్రల్-ఎర్త్ కలయిక ఇల్లూ మిషనూ కలిపి ఒక్కచోటే ఉండేలా చూడమనండి. అది ఖర్చనిపిస్తే జనరేటరు కొనకండి. కొవ్వొత్తులు వెలిగించుకోండి.

బెరిల్ వచ్చినప్పుడు నేను మినియాపోలిస్‌లో ఉన్నాను. జూలై 4 సెలవుల్లో క్లయింటు దగ్గర సిస్టం మార్పిడి. ముందు మెక్సికో సరిహద్దు వైపు వెళ్తుందన్న తుపాను చివర్లో ఉత్తరానికి జరిగి సోమవారం తెల్లవారుజామున తీరం దాటింది. ఇంట్లో మా ఆవిడ, పిల్లలు. ఫోన్లు కూడా సరిగ్గా కలవట్లేదు. మిషను తలుపు లోపల తొమ్మిది మెట్లు తెలుగులో రాసి, ప్లాస్టిక్ చేయించి అంటించి ఉంచాం. ఆయిలు చూడు, డీజిలు చూడు, ఇంటి బ్రేకర్లన్నీ దించు, స్టార్టు చెయ్యి, ఐదు నిమిషాలు వేడెక్కనివ్వు, వోల్టుల ముల్లు 240 దగ్గర ఉందో లేదో చూసి అప్పుడు స్విచ్చి వెయ్యి, బ్రేకర్లు ఒక్కోటే ఎత్తు... ఇలా. 'బ్యాటిల్ షార్ట్' అనే స్విచ్చి మూతకి మాత్రం టేపు చుట్టేశాం. యుద్ధంలో ఇంజను మాడిపోయినా కరెంటు ఆగకూడదనే సందర్భానికి పెట్టింది అది. మన ఫ్రిజ్జులో పెరుగు కోసం అంత త్యాగం అనవసరం.

వాన తగ్గిన గంటకి మా ఆవిడ స్టార్టు చేసింది. మధ్యాహ్నానికి మా వెనకింటి తెలుగువాళ్ళమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఇండియా నుంచి వచ్చిన వాళ్ళ అత్తగారికి ఆక్సిజన్ మిషను ఉంది, సిలిండరు ఒక్కటే మిగిలిందట. కంచె మీదుగా మందపాటి ఎక్స్‌టెన్షను వైరు వేశారు. ఆ మిషను తినేది 350 వాట్లు, మీటరు మీద ముల్లు కాస్త కదిలింది, అంతే. ఐదు రోజులు ఆవిడ అలాగే ఉన్నారు. నేను బుధవారం రాత్రికి గానీ చేరలేదు. వచ్చాక నాలుగు ప్రశ్నలడిగితే మా ఆవిడ, "కాయితం చదివాను, తిప్పాను. రాత్రిళ్ళు ముల్లు ముప్పైకి దిగితే కుక్కరులో అన్నం పెట్టాను. ఇందులో మీరు అంత చదువుకోవాల్సిందేముందో నాకర్థం కాలేదు" అంది.

డీజిలు విషయం ఒకటి మిగిలింది. నిండు లోడు మీద గంటకి అర గాలన్ కొంచెం పైన తాగుతుంది, మా వాడకానికి అంతకన్నా తక్కువే. ఎర్ర రంగు కలిపిన డీజిలు జనరేటరుకి వాడొచ్చు, రోడ్డు పన్నులు ఉండవు. కేంద్రానిది గాలన్‌కి 24.3 సెంట్లు, టెక్సస్‌ది 20 సెంట్లు మిగులుతాయి. దాన్ని కారులో పోస్తే మాత్రం నేరం. ఈ ఊరి తేమకి క్యాన్ల అడుగున నీరు చేరి, అందులో బూజులాంటిది పెరుగుతుంది. అందుకని ఏడాది దాటనివ్వను, మందు కలుపుతాను. మిషను ఎప్పుడూ ఆరుబయటే, ఇంటికి ఇరవై అడుగులకి తక్కువ కాకుండా, కిటికీలకి ఎదురు కాకుండా. గరాజు తలుపు తెరిచి లోపల పెడితే ఏమీ కాదని ఎవరైనా అంటే నమ్మకండి. 2021లో ఆ పొగకీ, బొగ్గు కుంపట్లకీ ఈ ఊళ్ళో ప్రాణాలు పోయాయి.

శనివారాలు తీరిక లేనివాళ్ళు, చేతికి ఆయిలు అంటితే చిరాకుపడేవాళ్ళు దుకాణానికి వెళ్ళి చిన్న ఇన్వర్టరు జనరేటరు కొనుక్కోండి, తప్పేం లేదు. నా మిషను చూడాలనుకునేవాళ్ళు నెలలో మొదటి ఆదివారం సాయంత్రం ఐదింటికి రండి, హీటర్లు పెట్టేది అప్పుడే. ఈ నెల వంతు మా పెద్దమ్మాయిది. దానికి తెలుగు చదవడం రాదు కాబట్టి కాయితం వదిలేసి నేరుగా మిలిటరీవాడి ఇంగ్లీషు చదువుకుంటోంది.